చేపపిల్ల చెవిరాయిలో వలయం వెడల్పు: నీటి వేడి వాటా ఎంత, పెరుగుదల వాటా ఎంత?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. శీలావతి పిల్లలను ఒకే వయసు నుంచి 24, 28, 32 డిగ్రీల తొట్లలో పెంచారు. మేత అన్నిటికీ కడుపునిండా వేశారు. చివర్లో చెవిరాళ్లు, అంటే ఓటోలిత్‌లు, తీసి రోజువారీ వలయాల వెడల్పు కొలిస్తే 32 డిగ్రీల పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. పొడవు, బరువు చూస్తే మాత్రం 28 డిగ్రీల పిల్లలే పెద్దవి. వలయం వెడల్పుగా ఉంటే చేప బాగా పెరిగినట్టేనని చదువుకున్నామే, మరి నా కొలతలు తప్పా అని అడిగారు.

మీ కొలతలు తప్పని నేను అనుకోవడం లేదు. మీరు చదువుకున్న సూత్రానికే ఒక షరతు ఉంది, పాఠాల్లో దాన్ని చాలాసార్లు వదిలేస్తారు. వలయం వెడల్పు నేరుగా రాసిపెట్టేది చేప ఒళ్లు ఎంత పెరిగిందన్నది కాదు, ఆ రోజు దాని జీవక్రియ ఎంత వేగంగా నడిచిందన్నది. నీటి వేడి నిలకడగా ఉన్నంతకాలం ఈ రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి సూత్రం పనిచేస్తుంది. వేడి మారితే, ముఖ్యంగా చేపకు బాగా నప్పే వేడిని దాటితే, విడిపోతాయి. మీ 32 డిగ్రీల తొట్టిలో జరిగింది అదేనని నా అంచనా.

ఎందుకలా అవుతుందో తెలియాలంటే రాయి ఎలా పెరుగుతుందో చూడాలి. చెవిరాయి లోపలి చెవిలోని ఒక చిన్న సంచిలో, ద్రవంలో ఉంటుంది. దాంట్లో జీవకణాలు ఉండవు, రక్తనాళాలు పోవు. సంచి గోడలోని కణాలు కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లను, కొన్ని ప్రోటీన్లను ఆ ద్రవంలోకి వదులుతాయి. ప్రోటీన్ల అల్లిక మీద కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది, మామూలుగా అరగొనైట్ అనే స్ఫటిక రూపంలో. రోజులో కొంతసేపు ఖనిజం ఎక్కువగా ఉన్న పొర, కొంతసేపు ప్రోటీన్ వాటా ఎక్కువగా ఉన్న పొర ఏర్పడతాయి. మైక్రోస్కోప్ కింద మొదటిది వెలుగు గీతగా, రెండోది చీకటి గీతగా కనిపిస్తుంది. రెండూ కలిస్తే ఒక రోజు. 1971లో జార్జియో పానెల్లా చల్లని సముద్రాల చేపల్లో ఒక ఏడాది వలయానికీ మరో ఏడాది వలయానికీ మధ్య సుమారు 360 సన్నని పొరలు లెక్కపెట్టి, ఇవి రోజువారీవని ప్రతిపాదించాడు. ఏడాది వలయాలు సరిగా కనిపించని మనలాంటి వెచ్చని ప్రాంతాల చేపలకు ఇది గొప్ప వరమైంది.

ఈ పనంతా అయాన్లను తోడే ప్రోటీన్ల మీద, కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ లాంటి ఎంజైముల మీద ఆధారపడి ఉంది. నీరు వెచ్చబడితే చేప ఒళ్లూ వెచ్చబడుతుంది, ఎంజైముల వేగం పెరుగుతుంది, సంచిలోకి అయాన్ల సరఫరా పెరుగుతుంది, రాయి మందంగా పేరుకుంటుంది. ఈ వరుసలో ఎక్కడా ‘చేప పెరిగితే’ అనే మెట్టు లేదు.

ఒళ్లు పెరిగే లెక్క వేరు. తిన్న మేతలోంచి వచ్చిన శక్తిలో ముందు ప్రాణం నిలబెట్టుకోవడానికి, ఈదడానికి, జీర్ణానికి ఖర్చు పోవాలి. మిగిలిందే కండ, ఎముక. వేడి పెరిగేకొద్దీ ఆ నిర్వహణ ఖర్చు ఆగకుండా పెరుగుతుంది, ఆకలి మాత్రం ఒక స్థాయి దాకా పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ స్థాయి దాటాక మిగులు కరిగిపోతుంది. ఖర్చు పెరగడమంటేనే జీవక్రియ వేగం పెరగడం కాబట్టి వలయం ఇంకా వెడల్పవుతూనే ఉంటుంది. మీ తొట్లలో మరో చిక్కు కూడా ఉండి ఉండొచ్చు. మంచినీటిలో పూర్తిగా కరగగల ఆక్సిజన్ 24 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 8.4 మిల్లీగ్రాములైతే 32 దగ్గర 7.3 మాత్రమే. అవసరం పెరిగినచోటే సరఫరా తగ్గుతోంది. ఆ తొట్టిలో ఆక్సిజన్ కొలతలు రాసిపెట్టుకుని ఉంటే ఒకసారి తీసి చూడండి.

వేడి ప్రభావం ఎంత పెద్దదో ఒక ఊహాలెక్కతో చూద్దాం. ప్రతి 10 డిగ్రీలకు జీవక్రియ వేగం రెట్టింపవుతుందనుకుందాం, చేపల్లో ఈ అంకె 2 చుట్టుపక్కల ఉండటం మామూలే. 24 నుంచి 30 డిగ్రీలకు వెళ్తే వేగం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. వలయం ఆ వేగాన్నే అనుసరిస్తే 24 దగ్గర 2 మైక్రాన్లున్నది 30 దగ్గర 3 మైక్రాన్లవుతుంది, చేప ఒక్క మిల్లీమీటరు కూడా అదనంగా పెరగకుండానే. వేడి సంగతి తెలియని మనిషి ఆ రాయిని చూస్తే పెరుగుదల యాభై శాతం పెరిగిందని రాసేస్తాడు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1988లో స్వీడన్‌కు చెందిన మోసెగార్డ్, ఆయన సహచరులు ఆర్కిటిక్ చార్ అనే చల్లనీటి చేప పిల్లలను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి ఫలితాలు ప్రచురించారు. ఒళ్లు పెరగడం ఒక ఉష్ణోగ్రత దగ్గర గరిష్ఠానికి చేరి ఆ తర్వాత తగ్గింది. చెవిరాయి పెరగడం మాత్రం ఆ గరిష్ఠం దాటాక కూడా పెరుగుతూనే పోయింది. మీరు శీలావతిలో చూసింది వాళ్లు చార్‌లో చూసినదే. 1991లో పీటర్ రైట్ అట్లాంటిక్ సాల్మన్ పిల్లల మీద చేసిన పని దీనికి కారణాన్ని దగ్గరగా చూపించింది: వలయం వెడల్పు చేప పెరిగిన తీరు కంటే అది వాడే ఆక్సిజన్‌తో, అంటే జీవక్రియ వేగంతో, గట్టిగా ముడిపడి ఉంది. మీ థీసిస్ చర్చలో ఈ రెండూ తప్పకుండా ఉండాలి. మీ పరీక్షకుడు అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది.

ఇప్పుడు మీ దగ్గరున్న డేటాతోనే, కొత్త ప్రయోగం అక్కర్లేకుండా, ఒక పరీక్ష చేయండి. ఒక్కో చేప పొడవును అడ్డగీత మీద, దాని చెవిరాయి వ్యాసార్థాన్ని నిలువుగీత మీద పెట్టి మూడు తొట్లకూ మూడు రంగుల చుక్కలు వేయండి. మూడు రంగులూ ఒకే గీత మీద కూర్చుంటే రాయి, ఒళ్లు కలిసే పెరిగాయన్నమాట, అప్పుడు నా వివరణ తప్పవుతుంది. 32 డిగ్రీల చుక్కలు పైన తేలితే, అంటే ఒకే పొడవున్న పిల్లల్లో వేడినీటి పిల్లల రాయి పెద్దదైతే, విడిపోవడం జరిగినట్టే. పోల్చేటప్పుడు మూడు తొట్లలోనూ ఉన్న పొడవుల పరిధికే కట్టుబడండి. గీతను డేటా లేనిచోటికి లాగి నిర్ణయాలు చేయకండి.

దీని పర్యవసానం పెద్దదే. చెవిరాయి కొలతల నుంచి చేప గతంలో ఎంత పొడవుందో వెనక్కి లెక్కగట్టే పద్ధతి ఉంది కదా, అది రాయికీ ఒంటికీ మధ్య ఒకే నిష్పత్తి ఉందన్న నమ్మకం మీద నిలబడింది. 1990లో స్టీవెన్ కంపానా ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. ఒకే పొడవున్న చేపల్లో నెమ్మదిగా పెరిగినవాటి రాళ్లు పెద్దవిగా ఉంటాయనీ, మంద మొత్తానికీ ఒకే గీత గీసి వెనక్కి లెక్కగడితే పాత పొడవులు తక్కువగా వస్తాయనీ చూపించాడు. ప్రతి చేపకూ దాని సొంత ముగింపు బిందువు (పట్టినప్పటి పొడవు, రాయి పరిమాణం) నుంచి, పొదిగినప్పటి తెలిసిన పొడవు, రాయి పరిమాణం అనే రెండో బిందువు దాకా గీత గీయాలన్నది ఆయన సూచించిన మార్గం. మీ హ్యాచరీలో పొదిగిన రోజు పిల్లల నమూనా దాచి ఉంటే ఆ రెండో బిందువు మీ చేతిలో ఉన్నట్టే. అయితే ఇది కూడా పూర్తి మందు కాదు. పెరిగే కాలంలో మధ్యలో వేడి మారితే ఒక్క సరళరేఖ ఆ మార్పును పట్టుకోలేదు.

చల్లని వైపు ఇంకో రకం ప్రమాదం ఉంది, మీ 24 డిగ్రీల దగ్గర అంతగా బాధించకపోవచ్చు గానీ తెలుసుకోవాల్సిందే. హెర్రింగ్ అనే సముద్రపు చేప డింభకాల్లో, అంటే గుడ్డు నుంచి కొత్తగా వచ్చిన పిల్లల్లో, నెమ్మదిగా పెరిగేవాటికి రోజుకు ఒకటి కంటే తక్కువ వలయాలు కనిపిస్తున్నాయని 1982లో ఆడ్రీ గెఫెన్ చెప్పినప్పుడు రోజువారీ వలయం అన్న పునాదే కదిలినట్టయింది. ఆ తర్వాత బలపడిన వివరణ వేరు. వలయాలు చాలాచోట్ల ఉన్నాయి, కానీ మామూలు కాంతి మైక్రోస్కోప్ విడదీసి చూపలేనంత సన్నగా ఉన్నాయి. వెడల్పు ఒక మైక్రాన్ కిందికి పోయేకొద్దీ పక్కపక్క గీతలు కలిసిపోతాయి. అప్పుడు మనం వయసు తక్కువ లెక్కపెడతాం, ఉన్న పొడవును తక్కువ రోజులతో భాగిస్తాం, పెరుగుదల ఎక్కువని తేల్చేస్తాం. వేడి వైపు వెడల్పు మోసం చేస్తుంది, చలి వైపు లెక్క మోసం చేస్తుంది, రెండు చోట్లా పెరుగుదల ఉన్నదానికంటే ఎక్కువగానే కనబడుతుంది. అందుకే ప్రతి తొట్టి నుంచీ కొన్ని పిల్లలను అలిజారిన్ లాంటి రంగు ద్రావణంలో ముంచి రాయి మీద గుర్తు వేసి, ఆ గుర్తు తర్వాత గడిచిన రోజులకు సరిపడా వలయాలు ఉన్నాయో లేదో చూడాలి. 28 డిగ్రీల తొట్టిలో నిరూపించి మిగతా రెండిటికీ అదే వర్తిస్తుందనుకోవడం చెల్లదు. మోతాదును ముందు కొద్ది పిల్లల మీద పరీక్షించుకోండి.

వేడి నిలకడగా ఎక్కువ తక్కువ కావడం ఒక సంగతి, హఠాత్తుగా మారడం మరో సంగతి. హఠాత్తు మార్పు వెడల్పుతో ఆగదు, గీత రూపాన్నే మార్చేస్తుంది. దీన్ని అలాస్కా సాల్మన్ హ్యాచరీలు పెద్ద ఎత్తున వాడుకుంటున్నాయి. గుడ్డులో పిండానికి కళ్లు కనిపించే దశ వచ్చాక నీటి వేడిని కొన్ని డిగ్రీలు దించి, మళ్లీ పెంచి, ఒక వరుస ప్రకారం ఇలా చేస్తారు. దించిన ప్రతిసారీ చెవిరాయిలో ఒక ముదురు గీత పడుతుంది. గీతల మధ్య ఎడాన్ని బట్టి అది ఏ హ్యాచరీ పిల్లో, ఏ ఏడాదిదో తెలుస్తుంది. 1990ల నుంచి అక్కడి ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలోని పింక్ సాల్మన్‌కు ఇది పెద్ద ఎత్తున జరుగుతోంది. సముద్రానికి వెళ్లి పెరిగి తిరిగొచ్చిన పెద్ద చేప రాయిని మధ్య దాకా అరగదీసి చూస్తే గుడ్డులో ఉన్నప్పుడు వేసిన గీతలు అలాగే ఉంటాయి. ఒక్కో చేపను పట్టుకోకుండా, ముట్టుకోకుండా, నీటి వేడితోనే కోట్ల పిల్లలకు గుర్తు వేయగలగడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

మీకు దీంట్లో పనికొచ్చే సంగతేమిటంటే, కరెంటు పోయి హీటర్ ఆగినప్పుడు, నీరు మార్చినప్పుడు కూడా ఇలాంటి గీతలే పడతాయి. రాయి చదివేవాళ్లు వాటిని అదనపు రోజులుగా లెక్కపెట్టే అవకాశం ఉంది. తొట్టి పుస్తకంలో ఆ తేదీలు ఉంటే వాటిని కాలాన్ని సరిచూసుకునే గుర్తులుగా వాడుకోవచ్చు. రోజూ వచ్చే పగలు-రాత్రి తేడా కూడా ముఖ్యమే. చినూక్ సాల్మన్ పిల్లల మీద నీల్సన్, గీన్ 1980లలో చేసిన ప్రయోగాల్లో మేత వేళలు, రోజువారీ వేడి చక్రాలు వలయాలు ఏర్పడే తీరును ప్రభావితం చేశాయి. వేడి కచ్చితంగా ఒకేలా ఉంచిన తొట్టి రాళ్లలో గీతలు వెలిసిపోయినట్టు ఉండటం, పగలు వేడెక్కి రాత్రి చల్లబడే బయటి చెరువు రాళ్లలో స్పష్టంగా ఉండటం మీకూ కనిపించవచ్చు. అందువల్ల తొట్టిలో తయారుచేసుకున్న సూత్రాన్ని చెరువు పిల్లల మీద నేరుగా వాడకండి.

మేత సంగతికి వస్తే, మీరు అన్ని తొట్లకూ కడుపునిండా పెట్టారు కాబట్టి వేడినీ మేతనూ విడదీసే దారి ఈ ప్రయోగంలో లేదు. వేడినీటి పిల్ల ఎక్కువ తినిందా, తక్కువ తినిందా మనకు తెలియదు. రెండో విడత చేసే వీలుంటే ప్రతి ఉష్ణోగ్రతలోనూ సగం తొట్లకు పూర్తి మేత, సగానికి కోత మేత పెట్టండి. ఒకే వేడిలో మేత తగ్గితే వలయం ఎంత సన్నబడిందో, ఒకే మేతలో వేడి పెరిగితే ఎంత వెడల్పయిందో అప్పుడు విడివిడిగా వస్తాయి. ఒక హెచ్చరిక: వేడి మార్పు వలయంలో వెంటనే కనబడుతుంది, ఆకలి ప్రభావం కొన్ని రోజులు ఆలస్యంగా కనబడుతుంది. పస్తున్న పిల్ల ఒళ్లు పెరగడం ఆగినా రాయి పేరుకుంటూనే ఉంటుంది. మేత కోత పెట్టిన వారంలోపే నమూనా తీసి తేడా లేదని తేల్చకండి. ఒక్కో ఉష్ణోగ్రతకు ఒక్క తొట్టే పెట్టడం కూడా సరిపోదు. అలా చేస్తే తొట్టి తేడా ఏదో, వేడి తేడా ఏదో ఎవరూ చెప్పలేరు.

విశ్లేషణలో సగటు వెడల్పులను పోల్చకుండా ఒకే వయసు వలయాలను పోల్చండి. డింభక దశలో వలయాలు సహజంగానే రోజురోజుకీ వెడల్పవుతూ పోయి తర్వాత స్థిరపడతాయి, లేదా సన్నబడతాయి. వేడినీటిలో ఈ దశలన్నీ త్వరగా గడుస్తాయి కాబట్టి 10వ రోజు వలయాన్ని మూడు తొట్లలో పక్కపక్కన పెట్టినా మీరు పోలుస్తున్నది మూడు వేర్వేరు దశల పిల్లలను కావచ్చు. రోజులతో ఒకసారి, డిగ్రీ-రోజులతో (ఉష్ణోగ్రతను రోజులతో గుణిస్తే వచ్చేది) ఒకసారి గ్రాఫ్ గీయండి. 20 రోజులకు 24 డిగ్రీల పిల్ల 480 డిగ్రీ-రోజులు చూస్తే 32 డిగ్రీల పిల్ల 640 చూసింది. డిగ్రీ-రోజుల మీద గీసినప్పుడు 24, 28 తొట్ల వక్రరేఖలు కలిసిపోయి 32 విడిగా నిలబడితే, నప్పే వేడి దాటిన గుర్తు అక్కడే కనిపిస్తుంది. ఒకే చేపలోని వరుస వలయాలు ఒకదానికొకటి స్వతంత్రం కావన్నది గణాంకాల పద్ధతిలో లెక్కలోకి రావాలి.

మీ ప్రశ్న చివర నదిలోని పిల్లలకూ ఇదే పద్ధతి వాడొచ్చా అన్నారు. వాడొచ్చు, కానీ అక్కడ పిల్ల ఏ రోజు ఏ వేడిలో ఉందో మనకు ఎవరూ రాసిపెట్టరు. దానికి ఒక దారి రాయిలోని ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు. అరగొనైట్ ఏర్పడేటప్పుడు నీరు ఎంత వెచ్చగా ఉంటే రాయిలోకి బరువైన ఆక్సిజన్-18 అంత తక్కువగా చేరుతుంది, డిగ్రీకి వెయ్యింట సుమారు 0.2 వంతు. ఇది జీవక్రియ మీద ఆధారపడదు కాబట్టే వలయం వెడల్పుకు స్వతంత్ర సాక్షిగా పనికొస్తుంది. ఇబ్బంది ఏమిటంటే నీటిలోనే ఆ నిష్పత్తి మారుతుంటుంది. ఎండల్లో ఆవిరైన చెరువు నీటిలో ఆక్సిజన్-18 వాటా పెరుగుతుంది, వానకాలపు వరదనీటిలో తక్కువగా ఉంటుంది. గోదావరిలోకి ఎదురెక్కే పులస పిల్లల మీద ఈ పని చేయాలనుకుంటే ఇదే మొదటి అడ్డంకి. పిల్ల నదినీటి నుంచి ఉప్పునీటిలోకి దిగితే వచ్చే మార్పు, వేడి మారితే వచ్చే మార్పు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ చేపలో ఉప్పు-మంచినీటి ప్రయాణాన్ని నీటి నుంచి రాయిలోకి చేరే స్ట్రాన్షియం అనే లోహం చెబుతుంది, బంగాళాఖాతపు పులస జాతి రాళ్లలో మిల్టన్, చెనెరీ అనే పరిశోధకులు అదే వాడారు. ముందు స్ట్రాన్షియంతో పిల్ల ఎక్కడుందో తేల్చి, ఒకే నీటిలో గడిపిన రోజుల వరకే ఆక్సిజన్‌తో వేడిని లెక్కగడితే లెక్క నిలబడుతుంది. నమూనా పట్టిన చోట నీటిని కూడా సీసాలో పట్టుకోండి, లేకపోతే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా ఆ లోటు తీరదు.

రాళ్ల తయారీ గురించి మీరు అడగలేదు గానీ రెండు మాటలు. పిల్లలను ఫార్మలిన్‌లో వేయకండి, అది ఆమ్లంగా మారి రాయిని కరిగిస్తుంది. ఆల్కహాల్‌లో ఉంచండి. చేపకు ఒక్కో చెవిలో సాజిటా, ఆస్టెరిస్కస్, లాపిల్లస్ అని మూడు రాళ్లుంటాయి. శీలావతి, బొచ్చె లాంటి కార్ప్ చేపల్లో సాజిటా సన్నగా సూదిలా ఉండి విరిగిపోతుంది, ఆస్టెరిస్కస్ సహజంగానే వేటరైట్ అనే వేరే స్ఫటిక రూపం. రోజువారీ వలయాలకు లాపిల్లసే నమ్మదగింది. మీరు కొలిచింది ఏ రాయో పోస్టులో చెప్పలేదు. మూడు తొట్లకూ ఒకే రకం రాయి, ఒకే అక్షం మీద కొలిచి ఉండాలి. ఏ తొట్టి రాయో తెలియకుండా మరొకరితో కూడా చదివించండి.

ముందు ఆ పొడవు-వ్యాసార్థం గ్రాఫ్ గీసి ఇక్కడ పెట్టండి, దాంతోపాటు 32 డిగ్రీల తొట్టి ఆక్సిజన్ కొలతలు, హీటర్ ఆగిన తేదీలు కూడా. 32 డిగ్రీల చుక్కలు పైకి తేలాయో లేదో చూశాక రెండో విడతలో ఆ ఉష్ణోగ్రతను ఉంచాలా, 30కి దించాలా అన్నది మాట్లాడుకుందాం.